ఎర్రచందనం – ఎల్లలు దాటిన నేరం

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని కార్యదర్శిగారు ఉత్తరం రాస్తూ, "కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు చరిత్ర విషయం ఏదైనా రాయండి" అని కోరారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అయితే నా సర్వీసులో ఎక్కువ కాలం కడప, చిత్తూరు జిల్లాలలో అడవి కేసుల ఫైళ్ళు నడిపే సీట్లలోనే గడిచింది. ఆ ఫైళ్ళలో చూసినదానికి, ఆ తర్వాత తీరిక దొరికి చదివినదాన్ని జోడించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రపంచీకరణ అనే మాట 1991 తర్వాత మన పత్రికల్లోకి వచ్చింది. దాని వల్ల వచ్చిన టీవీ ఛానళ్ళు, సెల్‌ఫోన్లు, పిల్లల అమెరికా ఉద్యోగాలు మనందరికీ తెలిసినవే. అదే దారిన నేరం కూడా దేశాలు దాటిపోయిందన్న సంగతిని మాత్రం మనం అంతగా గమనించలేదు. మాదకద్రవ్యాలో, దొంగ నోట్లో అయితే ఎక్కడో జరిగే వ్యవహారం అనుకోవచ్చు. కానీ దానికి మన గడపలోనే ఒక నిదర్శనం ఉంది, అదే ఎర్రచందనం.

ఎర్రచందనాన్నీ శ్రీగంధాన్నీ ఒకటే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. శ్రీగంధానిది వాసన, ఎర్రచందనానిది రంగు. ఇది ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో మాత్రమే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దీని పుట్టిళ్ళు. ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో ఎక్కువగా, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో కొంతగా ఉంటుంది. రాతి నేలలో, కొద్దిపాటి వానకు బహు నిదానంగా ఎదుగుతుంది. పైన తెల్లచెక్క ఎంత ఉన్నా విలువ లేదు, లోపలి ఎర్రని చేవకే విలువ. ఆ చేవ పట్టడానికి పాతికేళ్ళు చాలవు. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు, చెద పట్టదు. మా చిన్నతనంలో ఇంట్లో ఒక ముక్క ఉండేది, సెగగడ్డ లేస్తే సానరాతి మీద అరగదీసి పూసేవారు. తిరుపతిలో అమ్మే రాజా రాణి బొమ్మలు కూడా ఈ కర్రవే. దీని కోసం మనుషులు ప్రాణాలు తీస్తారంటే మా నాయనమ్మ నమ్మి ఉండేది కాదు.

దీని విదేశీ వర్తకం ఇవాళ్టిది కాదు. పదిహేడో శతాబ్దం నుంచే ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు కోరమాండల్ తీరం నుంచి ఈ కర్రను ఓడల్లో ఐరోపాకు తీసుకుపోయాయి. అక్కడ దాన్ని పొడి చేసి ఉన్ని బట్టలకు రంగు వేసేవారు. బరువైన సరుకు కాబట్టి ఓడ అడుగున వేస్తే నిలకడకూ పనికివచ్చేది. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో రసాయన రంగులు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఈలోగా మరో మార్పు వచ్చింది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ శాఖ ఏర్పడింది. 1860లలో మద్రాసు రైలు మార్గం కడప మీదుగా సాగింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దానితో కొండలకు హద్దురాళ్ళు పడ్డాయి. అంతకుముందు రోజు దాకా కట్టెలు కొట్టుకున్నవాడు, మేకలు మేపుకున్నవాడు మర్నాటికి ముద్దాయి అయ్యాడు.

ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఏది నేరమో నిర్ణయించేది రాజ్యం. 1921లో మా రాయచోటి తాలూకాలోనూ, గుంటూరు జిల్లా పల్నాటిలోనూ రైతులు పుల్లరి కట్టకుండా పశువులను అడవుల్లోకి తోలారు. పల్నాటిలో ఆ పోరాటానికి ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. నాటి ప్రభుత్వ రికార్డులో అతడు నేరస్థుడు, మన పాఠ్యపుస్తకాల్లో అమరవీరుడు. రికార్డు ఎవరు రాశారన్నదాన్ని బట్టి పేరు మారుతుందని గుమాస్తాలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

రాజ్యమే నేరం చేసే సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో విలియం ఛాంబ్లిస్ అనే నేరశాస్త్ర ఆచార్యుడు 1988లో తన శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ ఈ విషయాన్నే ఎత్తుకున్నాడు. ఒకప్పుడు స్పెయిను ఓడలను దోచిన సముద్రపు దొంగలకు వెనక ఇంగ్లండు, ఫ్రాన్సు రాజ్యాలే ఉన్నాయని ఎత్తి చూపాడు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ నల్లమందు. చైనా చక్రవర్తులు నిషేధించిన నల్లమందును ఈస్టిండియా కంపెనీ బీహారులో రైతుల చేత పండించి, కలకత్తాలో వేలం వేసేది. ఆపైన దాన్ని చైనా తీరానికి చేర్చేది ప్రైవేటు వర్తకులు. కంపెనీ చేతికి మట్టి అంటేది కాదు. చైనా అడ్డుకుంటే 1839లో యుద్ధమే వచ్చింది. సరుకు ఒక దేశంలో, లాభం మరో దేశంలో, శిక్ష మూడో చోట అనే పద్ధతి అప్పటికే తయారై ఉందన్నమాట.

మళ్ళీ ఎర్రచందనం దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దీనికి కొత్త గిరాకీ జపాను నుంచి వచ్చింది. అక్కడ షమిసేన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. దాని మెడకు అన్నిటికన్నా మేలైన కర్ర మన ఎర్రచందనమేనని వారి నమ్మకం. అందులోనూ అలలు అలలుగా చార ఉన్న దుంగ కావాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా ఆఫీసులో పెద్ద గుమాస్తాగారు "జపాను రకం" అని ఒక దుంగను వేలు పెట్టి చూపించడం నాకు జ్ఞాపకం. అప్పట్లో వ్యాపారం చాలా వరకు ప్రభుత్వ వేలాల ద్వారా, పర్మిట్ల మీద, సుత్తి ముద్రలతో జరిగేది. దొంగతనం లేదని కాదు. అది ఎద్దుల బండి స్థాయిలో ఉండేది. రాత్రి పూట బండి, గడ్డి కింద నాలుగు దుంగలు, ఒక బండివాడు, ఒక గొడ్డలి. రాజీ రుసుము కట్టించుకుని కేసు మూసేసేవారు. నెలకు పట్టుమని పది ఫైళ్ళు వస్తే ఎక్కువ.

1990ల మధ్యకు వచ్చేసరికి బండి పోయి లారీ వచ్చింది. ఎందుకు వచ్చిందో మాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది చెబుతాను. చైనాలో మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు "జితాన్" అనే ఎర్రటి బరువైన కర్రతో సింహాసనాలు, బీరువాలు చేయించుకునేవారు. 1978 తర్వాత చైనా తలుపులు తెరిచింది, డబ్బు చేరింది. డబ్బు చేరినవారికి చక్రవర్తుల బీరువా కావాలనిపించింది. 1999లో బీజింగులో ఈ కర్ర సామాను కోసమే ఒక పెద్ద ప్రదర్శనశాల తెరిచారు. 2000 సంవత్సరంలో చైనా ప్రభుత్వం విలువైన కర్రలకు ఒక జాతీయ ప్రమాణ పత్రం విడుదల చేసి, జితాన్ అంటే మన శేషాచలం చెట్టే తప్ప మరోటి కాదని తేల్చింది. అక్కడ ఒక ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పడితే, ఇక్కడ కోడూరు అడవిలో గొడ్డలి చప్పుడు పెరిగింది. ప్రపంచీకరణకు ఇంతకన్నా తేలిక నిర్వచనం నాకు తెలియదు.

విచిత్రం ఏమంటే సరిగ్గా ఆ కాలంలోనే నిషేధాలూ వచ్చాయి. అంతరించే ప్రాణుల వర్తకాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది, 1976లో మన దేశం అందులో చేరింది. 1995లో ఎర్రచందనం ఆ ఒప్పందపు రెండో జాబితాలోకి ఎక్కింది. మన దేశపు ఎగుమతి విధానమూ అడవి దుంగల ఎగుమతిని కట్టడి చేసింది. చెట్టును కాపాడటానికి అది అవసరమే. కానీ ఒక పక్క గిరాకీ పెరుగుతుంటే మరో పక్క సరఫరా మూసేస్తే ధర ఆకాశానికి లేస్తుంది, ఆ లాభం దొంగ వర్తకుడికి పోతుంది. 2014 చివర మన రాష్ట్ర ప్రభుత్వం పట్టుబడిన దుంగలను అంతర్జాతీయ ఈ-వేలం వేసినప్పుడు మేలు రకం టన్ను ధర కోటి రూపాయలు దాటింది. నేను సర్వీసు మొత్తంలో తీసుకున్న జీతం అంతా కలిపినా ఒక టన్ను రాదు.

ఇక సరుకు ఎలా దాటింది? ఇక్కడ కంటైనరు గురించి చెప్పుకోవాలి. 1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ లారీ యజమాని 58 ఇనుప పెట్టెలను ఒక ఓడ మీద పెట్టి న్యూయార్కు పక్కనున్న న్యూవార్క్ నుంచి హ్యూస్టనుకు పంపాడు. అంతకుముందు ఓడలోకి ప్రతి బస్తానూ హమాలీలు మోసేవారు, నలుగురు కళ్ళతో చూసేవారు. ఇప్పుడు పెట్టెకు సీలు పడితే గమ్యం చేరేదాకా ఎవరూ తెరవరు. మద్రాసు రేవులో 1983లో పూర్తి స్థాయి కంటైనరు టెర్మినల్ మొదలైంది. రేణిగుంట నుంచి అక్కడికి లారీకి ఒక రాత్రి ప్రయాణం. ప్రతి పెట్టెనూ తెరిచి చూస్తే రేవు నడవదు, కాబట్టి అనుమానం వచ్చినవాటినే తెరుస్తారు. షిప్పింగ్ బిల్లులో గ్రానైటు అనో, మరొకటనో రాసి లోపల దుంగలు పెడతారు. ఎగుమతి లైసెన్సు నంబరు ఎవరో అమాయకపు చిన్న వ్యాపారిది అయి ఉంటుంది. కొన్ని కేసుల్లో సీలును ముట్టుకోకుండానే తలుపు బందులు ఊడదీసి లోపలి సరుకు మార్చేశారు. చెన్నై, కృష్ణపట్నం, తూత్తుకుడి, ముంబాయి పక్కనున్న నవాషేవా, గుజరాతులోని ముంద్రా – ఇన్ని రేవుల్లోనూ సరుకు దొరికింది. దుబాయి, సింగపూరు, మలేషియా మీదుగా తిప్పి హాంకాంగు చేరుస్తారు. భూమార్గంలో నేపాల్ దాటి టిబెట్టుకూ, మణిపూర్ దాటి మయన్మారుకూ పోయింది. కడప కొండ మీది చెట్టు హిమాలయాలు ఎక్కి దిగిందంటే మామూలు విషయం కాదు.

మా రిజిస్టరులో కొన్ని గడులు ఉండేవి. కేసు నంబరు, స్థలం, దుంగల సంఖ్య, బరువు, వాహనం, ముద్దాయి పేరు, తండ్రి పేరు, గ్రామం, సరుకు యజమాని. ముప్పై అయిదేళ్ళలో బరువు గడిలో అంకెలు పెరిగాయి, వాహనం గడిలో బండి కాస్తా లారీ, లారీ కాస్తా కంటైనరు అయింది. ముద్దాయి గడిలో మాత్రం ఎప్పుడూ కొట్టినవాడు, మోసినవాడు, తోలినవాడు. సరుకు యజమాని గడిలో నూటికి తొంభై పాళ్ళు "తెలియదు" అని ఉండేది. ఆ "తెలియదు" అన్న మాటను నేను నా చేత్తో ఎన్ని వందల సార్లు రాశానో లెక్క లేదు.

ముద్దాయిల ఊళ్ళు కూడా క్రమంగా మారాయి. మొదట మన వాళ్ళే. తర్వాత తమిళనాడు తిరువణ్ణామలై, వేలూరు, ధర్మపురి, సేలం జిల్లాల పేర్లు రాసాగాయి. జవ్వాది కొండల్లో మలయాళీ అనే గిరిజన తెగ ఉంది. పేరు అలా ఉన్నా వారు తమిళనాడు వారే. వానాధారపు సేద్యం, అప్పులు, కొండ మీద పని లేదు. ఏజెంటు వచ్చి రోజు కూలి కన్నా ఎన్నో రెట్లు ఇస్తానంటాడు, ఇంటి ఖర్చుకు అడ్వాన్సు ఇస్తాడు. చాలామందికి ముందు చెప్పేది తాపీ పనో, తోట పనో అని. కొండల్లో పుట్టిన చెయ్యి కాబట్టి గొడ్డలి బాగా ఆడుతుంది, బరువు మోయగలదు. మనవడు పట్టుబట్టి 2021లో వచ్చిన "పుష్ప" సినిమా చూపించాడు. పాటలు బాగానే ఉన్నాయి. కానీ కూలివాడు సిండికేటుకు యజమాని కావడం నేను ముప్పై అయిదేళ్ళ ఫైళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

అడవి సిబ్బంది కష్టం కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చేతిలో లాఠీ, కాళ్ళకు చెప్పులు, వందల చదరపు మైళ్ళ కొండ. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను కూలీల గుంపు రాళ్ళతో కొట్టి చంపింది. మన శాఖల్లో పనిచేసిన వారెవరికైనా ఆ వార్త చదివి కడుపు తరుక్కుపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఎర్రచందనం అక్రమ రవాణాను అరికట్టడానికి పోలీసు, అటవీ సిబ్బందితో ప్రత్యేక టాస్క్‌ఫోర్సు పెట్టింది.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలపు అడవిలో రెండు చోట్ల జరిగిన కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. వంద మందికి పైగా గొడ్డళ్ళతో, రాళ్ళతో మీద పడితే ఆత్మరక్షణకు కాల్చామని టాస్క్‌ఫోర్సు చెప్పింది. తమతో పాటు వచ్చినవారిని ముందు రోజే బస్సుల్లోంచి దించి తీసుకుపోయారని ప్రాణాలతో మిగిలినవారు జాతీయ మానవ హక్కుల సంఘం ముందు చెప్పుకున్నారు. సంఘం 2015 మే నెలలో ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయల తాత్కాలిక పరిహారం ఇవ్వాలనీ, సి.బి.ఐ. విచారణ జరపాలనీ సిఫారసు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని హైకోర్టులో సవాలు చేసింది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఇద్దరు అధికారులను చంపినవారిని పట్టి కోర్టులో నిలబెట్టి శిక్ష వేయించడం ప్రభుత్వపు పని. చెట్టు కొట్టడం చట్టం ప్రకారం నేరమే, దానికి జైలు ఉంది, ఉరి లేదు. 2016లో మన శాసనసభ అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచినప్పుడు కూడా మరణశిక్ష పెట్టలేదు. మరి శాసనసభ విధించని శిక్ష అడవిలో ఎవరు విధించారు, ఏ ఫైలు మీద ఎవరి సంతకంతో? ప్రభుత్వ ఉద్యోగిగా ముప్పై అయిదేళ్ళు ఉప్పు తిన్నవాణ్ణి కాబట్టే ఈ ప్రశ్న అడిగే బాధ్యత నాకు ఉందనుకుంటున్నాను. మిత్రులలో కొందరికి ఇది రుచించకపోవచ్చు.

పెద్దవారి సంగతి వేరు. ఎర్రచందనం కేసుల్లో ముఖ్య నిందితుడని పోలీసులు చెప్పిన ఒకాయన దేశం దాటిపోయి 2015లో మారిషస్‌లో పట్టుబడ్డాడు. ఇంటర్‌పోల్ నోటీసు, అక్కడి కోర్టు, ఇక్కడి లాయర్లు – నెలలు గడిచి ఆ ఏడాది నవంబరులో విమానంలో తీసుకొచ్చారు. చట్ట ప్రకారం అలాగే జరగాలి, అందులో తప్పు లేదు. అదే చట్టం జవ్వాది కొండవాడికి తెల్లవారేదాకా కూడా ఆగలేదు.

ఇదే తేడాను మనం 1984లో భోపాల్లో చూశాం. డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేల మంది చనిపోయారు. ఆ కంపెనీ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్ డిసెంబరు 7న భోపాల్ వస్తే అరెస్టు చేసి, కొన్ని గంటల్లో బెయిలిచ్చి ప్రభుత్వ విమానంలో ఢిల్లీ పంపారు. అక్కడి నుంచి అమెరికా వెళ్ళిపోయాడు, మళ్ళీ విచారణకు రాలేదు, 2014లో చనిపోయాడు. 1989లో 47 కోట్ల డాలర్లకు సివిల్ రాజీ కుదిరింది. 2010 జూన్‌లో భారతీయ అధికారులకు పడిన శిక్ష రెండేళ్ళు. కర్మాగారం ఒక దేశంలో, యాజమాన్యం మరో దేశంలో ఉన్నప్పుడు సమన్లు ఎవరికి అంటించాలి? "చిరునామాలో లేరు" అని తిరిగి వచ్చిన కవర్లను ఎన్నో చూసిన గుమాస్తాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అంతర్జాతీయ ముఠా నేరాల మీద ఐక్యరాజ్యసమితి 2000లో ఇటలీలోని పలెర్మోలో ఒక ఒప్పందం తెచ్చింది, 2011లో మన దేశం దాన్ని ఆమోదించింది. దేశాలు పరస్పరం సాక్ష్యాలు ఇచ్చిపుచ్చుకోవడానికి, నిందితులను అప్పగించడానికి అందులో ఏర్పాట్లు ఉన్నాయి. సరుకు కొనే దేశం మనసు పెడితే తప్ప ఆ కాగితం కదలదు.

ప్రభుత్వం గోదాముల్లో పోగుపడిన దుంగలది మరో కథ. ఎండకు, వానకు, చెదకు చిక్కని కర్ర కదా, ఏళ్ళ తరబడి అలాగే ఉంది. సైటిస్ అనుమతితో మన దేశం పట్టుబడిన సరుకులో 11,806 టన్నుల దాకా ఎగుమతి చేసుకునే వీలు సంపాదించింది. 2014 వేలం ఆ కోటా కిందనే జరిగింది. నేరం అయితే జప్తు, జప్తు అయితే వేలం, వేలం అయితే ఖజానా. దొంగ సరుకుకు చైనాలో దారి చూపిన కొనుగోలుదారులే వేలంలోనూ కొనరని ఎవరు హామీ ఇవ్వగలరు? అడవికి కాపలా కాసే శాఖే దుంగకు ధర రావాలని కోరుకోవలసి రావడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే అనిపించేది. అయితే గోదాములో కుప్ప వేసి ఉంచినా దొంగల కన్ను పడుతుందన్న వాదనలోనూ నిజం ఉంది.

చెట్టు మాటకొస్తే, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని 1997లో ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది, 2018లో కొంత మెరుగైందని మార్చి, తర్వాత మళ్ళీ ప్రమాద జాబితాలోకే తెచ్చింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2004 నుంచి సైటిస్ మన ఎర్రచందనం వర్తకం మీద ప్రత్యేక పరిశీలన పెట్టింది. 2023 నవంబరులో జెనీవా సమావేశంలో దాన్ని ఎత్తివేశారు. సొంత పట్టా భూముల్లో ఎర్రచందనం నాటుకున్న రైతులకు ఇది మేలు చేసే నిర్ణయం. చట్టబద్ధమైన తోటల సరుకు విరివిగా దొరికితే అడవి మీద వత్తిడి తగ్గుతుందన్న ఆశ ఉంది. అయితే తోట సరుకు పేరుతో అడవి దుంగ దాటిపోకుండా చూడటం ఆఫీసుల పని, అది తేలిక కాదు.

మన సంఘ సభ్యుల్లోనూ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో నాలుగెకరాలు కొని ఈ మొక్కలు పెట్టినవారు కొందరున్నారని విన్నాను. వారికి ఒక సూచన. చెట్లు చేవ పట్టేదాకా ఆగకుండా, ఇప్పుడే వాటి సంఖ్యను రెవెన్యూ రికార్డుల్లోనూ అటవీ శాఖ రేంజి ఆఫీసులోనూ నమోదు చేయించుకోండి. మొక్కలు కొన్న నర్సరీ రసీదు పారేయకండి. నరకడానికి, రవాణాకు అనుమతి అడిగిన రోజున మొదట అడిగే కాగితాలు అవే. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.